సామాన్య శాస్త్ర తరగతి: అపేక్షలు, మార్కులు
(భిలాయిలో రైల్వే, తపాలా ఉద్యోగుల కుటుంబ సభలో చేసిన ప్రసంగ పాఠం)



యూనియన్ సభలో కరవు భత్యం గురించి, పింఛను గురించి, ఖాళీ పోస్టుల గురించి మాట్లాడుట ఆనవాయితీ. హైస్కూలు సామాన్య శాస్త్రం మార్కుల గురించి ప్రసంగమేమిటని కొందరు మిత్రులు నన్ను ముందుగానే ప్రశ్నించారు. వారికి నా సమాధానం ఒక్కటే. మీ తపాలా శాఖలో గ్రామీణ డాక్ సేవక్ ఉద్యోగానికి నేడు ఎంపిక ఏ విధంగా జరుగుతున్నదో గుర్తు చేసుకొనండి. వ్రాత పరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు. పదవ తరగతి మార్కుల శాతాన్ని నాలుగు దశాంశ స్థానాల వరకు లెక్కించి, ఆ క్రమంలో జాబితా తయారు చేస్తారు. రైల్వే అప్రెంటిస్ ఎంపికలో కూడా పదవ తరగతి మార్కులను ఐ.టి.ఐ. మార్కులతో కలిపి సగటు కడతారు. ఐదు సబ్జెక్టులకు కలిపి 500 మార్కులు అనుకొనండి. ఒక్క మార్కు విలువ 0.2 శాతం. నాలుగు దశాంశాల వరకు పోటీ నడిచే చోట 0.2 శాతమంటే ఎంత దూరమో, జాబితాలు చూచిన తపాలా మిత్రులకు నేను చెప్పనవసరం లేదు. పదిహేనేళ్ళ పిల్లవాడి ప్రయోగ పుస్తకం మీద ఉపాధ్యాయుడు ఎర్ర సిరాతో వేసిన అంకె, ఆ పిల్లవాడి జీతపు చీటీ వరకు ప్రయాణం చేస్తున్నది. జీతపు చీటీ మన విషయమైనప్పుడు ఆ అంకె మన విషయం కాకుండా పోదు.

భిలాయిలో ఈ మాట చెప్పుటకు మరొక కారణం గలదు. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ ప్రభుత్వంతో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిన నాటి నుండి, శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల నుండి మన వారు ఇక్కడికి వచ్చి స్థిరపడినారు. కర్మాగారంతో పాటు సెక్టార్లలో పాఠశాలలు వెలసినవి. ఉక్కు కార్మికుని బిడ్డ ఇంజనీరు కావడం ఈ ఊరిలో వింత కాదు. 2016లో ఐ.ఐ.టి. కూడా భిలాయి పేరుతో వెలసింది. అటువంటి ఊరిలో చదువు గురించి చెప్పుట అనవసరమని మీకు అనిపించవచ్చు. కాని ఈ ఊరి కీర్తి అంతా పై మెట్టు మీద నిలబడిన కొద్దిమందిది. నేను మాట్లాడదలచినది మధ్య మెట్ల మీద ఉన్నవారి గురించి. 45కు, 65కు మధ్య ఊగిసలాడే పిల్లల గురించి. వారి తల్లిదండ్రులే ఈ సభలో అధికులు.

మొదట సామాన్య శాస్త్రమంటే ఏమిటో రెండు మాటలు. 1952-53లో లక్ష్మణస్వామి మొదలియారు అధ్యక్షతన ఏర్పడిన మాధ్యమిక విద్యా సంఘం సామాన్య శాస్త్రాన్ని విద్యార్థులందరికీ బోధించవలెనని సిఫారసు చేసింది. 1964-66 నాటి కొఠారీ సంఘం పదవ తరగతి వరకు శాస్త్రం, గణితం అందరికీ నిర్బంధం కావలెనని చెప్పింది. డాక్టరు కాబోయేవాడికి మాత్రమే కాదు, కీమన్ కాబోయేవాడికి, పోస్టుమన్ కాబోయేవాడికి కూడా శాస్త్రం కావలెనన్నది ఆనాటి భావన. అది మంచి భావన. నేడు కేంద్రీయ మాధ్యమిక విద్యా మండలి, అనగా సి.బి.ఎస్.ఇ. పదవ తరగతిలో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు మూడూ కలిసి ఒకే సబ్జెక్టు. బోర్డు పరీక్షకు 80, పాఠశాల లోపలి మూల్యాంకనానికి 20. ఆ 20లో పీరియాడిక్ పరీక్షలకు 5, బహుళ మూల్యాంకనమనే దానికి 5, పోర్ట్‌ఫోలియోకు 5, ప్రయోగ కృత్యాలకు 5. మొత్తం మీద 33 వస్తే ఉత్తీర్ణత. ఈ లెక్క మీలో ఎందరికి తెలుసునో చేతులెత్తమని అడగను. తెలియకపోవుట మీ దోషం కాదు, ఎవరో వచ్చి చెప్పవలసిన విషయం.

ఎప్పుడు చెప్పవలెను? సంవత్సరారంభంలో, మొదటి వారంలోనే. రైల్వే మిత్రులకు ఇది సులభంగా బోధపడుతుంది. సాధారణ, అనుబంధ నియమాల పుస్తకం చదివి అర్థమైనదని సంతకం చేయనిదే మిమ్ములను బండి పనికి పంపరు. నియమం తెలియజేయకుండా నియమోల్లంఘనకు శిక్ష వేస్తే యూనియన్ ఊరుకోదు. తరగతి గదిలో మాత్రం పిల్లవాడు మార్కు కోత పడిన తరువాతనే నియమం తెలుసుకొంటాడు. అంచు గీత గీయలేదని ఒకటి, ఆలస్యమైనదని రెండు, పటం పెన్సిలుతో వేయలేదని మరొకటి. ఈ నియమాలు తప్పని నేననను. ప్రయోగశాలలో కొన్ని నియమాలు ప్రాణరక్షకములు కూడా. ఆమ్లాన్ని నీటిలో కొద్దికొద్దిగా కలపవలెను గాని, నీటిని ఆమ్లంలో పోయరాదు. పరీక్షనాళికను వేడిచేయునప్పుడు దాని మూతిని ఎవరి ముఖం వైపూ ఉంచరాదు. వీటిని పాటించని పిల్లవాడిని ఉపాధ్యాయుడు గదిమినా తప్పు లేదు. నేను అడిగేది, ఏది భద్రతా నియమం, ఏది అలవాటు, దేనికి మార్కు ఉన్నది, దేనికి లేదు అన్నది ఒక కాగితం మీద వ్రాసి మొదటి వారంలో ఇంటికి పంపవలెనని. ఒక్క పుట చాలును.

ఇక మార్కు దేనికి వేస్తున్నారన్న ప్రశ్నకు వద్దాం. ఇది లోతైన ప్రశ్న, గనుక ఒక ఉదాహరణతో చెబుతాను. నీరు ఎంత ఉష్ణోగ్రత వద్ద మరుగుతుంది? పుస్తకంలో 100 డిగ్రీలని ఉంటుంది. భిలాయి సముద్రమట్టానికి సుమారు 300 మీటర్ల ఎత్తున ఉన్నది. ఎత్తు పెరిగినకొద్దీ గాలి పీడనం తగ్గుతుంది, పీడనం తగ్గితే నీరు ముందుగానే మరుగుతుంది. ఈ ఊరిలో నీరు మరిగేది దరిదాపు 99 డిగ్రీల వద్ద. పాఠశాల థర్మామీటరులో లోపముంటే అది 98 చూపవచ్చు, 101 కూడా చూపవచ్చు. ఇప్పుడు ఇద్దరు పిల్లలున్నారనుకొనండి. ఒకడు బీకరు ముందు నిలబడి, పాదరసం నిలిచిన చోటు చూచి 99 అని వ్రాశాడు. రెండవవాడు థర్మామీటరు వంక చూడకుండా పుస్తకం చూచి 100 అని వ్రాశాడు. జవాబుల పట్టిక చేతబట్టుకొని దిద్దితే మొదటివానికి సున్న, రెండవవానికి పూర్తి మార్కు. శాస్త్రం నేర్చినవాడు ఎవడు? చూచినది వ్రాయుట, వ్రాసినదానికి కారణం వెదకుట, ఈ రెండే కదా శాస్త్రానికి పునాది. మీలో గార్డులున్నారు, స్టేషను మాస్టర్లున్నారు. బండి 10.07కు వచ్చినప్పుడు టైంటేబుల్‌లో 10.00 ఉన్నదని రిజిస్టరులో 10.00 వ్రాస్తే ఏమవుతుందో మీకు తెలుసు. ఉద్యోగంలో ఆ పని చేసినవానికి చార్జిషీటు ఇస్తారు. అదే పని ప్రయోగ పుస్తకంలో చేయుటకు పిల్లవానికి మనమే శిక్షణ ఇస్తున్నాము.

లోపలి 20 మార్కుల వ్యవహారం ఇంకా చిత్రమైనది. ఆ 20 పెట్టిన ఉద్దేశం మంచిదే. మూడు గంటల పరీక్షలో కనబడని పనిని సంవత్సరం పొడవునా గమనించి విలువ కట్టవలెనని. ఆచరణలో జరిగేది వేరు. ప్రాజెక్టు అనగానే తండ్రి స్టేషనరీ దుకాణానికి పరుగెత్తుతాడు. థర్మోకోల్ అగ్నిపర్వతం, రంగు కాగితపు సౌరకుటుంబం, తయారుగా దొరికే చార్టు. అంగడిలో కొన్న వస్తువుకు మార్కులు వేస్తే ఆ మార్కు తండ్రి జేబుకు గాని బిడ్డ బుద్ధికి కాదు. గ్యాంగులో పనిచేసే తండ్రి జేబుకు, ఆఫీసరు జేబుకు మధ్య దూరం మార్కుల పట్టికలోకి ఈ దారిన ప్రవేశిస్తున్నది.

ఆలస్యానికి సున్న వేసే పద్ధతి గురించి ఒక చిన్న లెక్క చూడండి. పదేసి మార్కుల పనులు మూడు. ఒక బాలిక మొదటి రెండింటికి 8, 8 తెచ్చుకొన్నది. మూడవది రెండు రోజులు ఆలస్యంగా ఇచ్చింది, సున్న పడినది. సగటు 5.33. ఆ అంకె చూచినవాడు ఈ బాలికకు శాస్త్రం సగమే వచ్చునని భావిస్తాడు. ఆమెకు వచ్చిన శాస్త్రం మాత్రం పదింట ఎనిమిది పాళ్ళు. ఆలస్యం వేరే విషయం, దానిని వేరే గడిలో వ్రాయవచ్చు, తల్లిదండ్రులను పిలిచి చెప్పవచ్చు, ఒకటి రెండు మార్కులు తగ్గించవచ్చు కూడా. తండ్రి రన్నింగ్ డ్యూటీలో రెండు రాత్రులు ఇంట లేకపోతే, తల్లికి జ్వరం వస్తే, ఇంటిలో పెద్దపిల్ల మీద ఎంత పని పడుతుందో మన క్వార్టర్లలో అందరికీ తెలిసినదే.

ఇంత మాత్రం చెప్పి ఉపాధ్యాయుని మీద నేరం మోపి దిగిపోతే నేను యూనియన్ మనిషిని కాను. ఉపాధ్యాయుడు కూడా శ్రామికుడే. సెక్షనుకు 40 మంది చొప్పున మూడు సెక్షన్లు అనుకొనండి. 120 పుస్తకాలు. ఒక్కొక్క దానిని మూడు నిమిషాలలో చూచినా 360 నిమిషాలు, ఆరు గంటలు. ఇది ఒక్క ప్రయోగానికి ఒక్కసారి దిద్దుటకు. పాఠం చెప్పుట, కంప్యూటరులో మార్కులు ఎక్కించుట, సమావేశాలు, కాంట్రాక్టు మీద పనిచేసేవారికైతే మరుసటి ఏడు ఉద్యోగం ఉంటుందో లేదోనన్న బెంగ, ఇవి అదనం. మూడు నిమిషాలలో అంచు గీత కనబడుతుంది, ఆలోచన కనబడదు. కావున పుస్తకాల అందానికి మార్కులు పడుతున్నవంటే అందులో సగం దోషం పనిభారానిది. తక్కువ ప్రయోగాలు, వాటిని నిజంగా చేయించుట, నిజంగా దిద్దుట మేలని నా అభిప్రాయం. దీనిని ఉపాధ్యాయ సంఘాల వారితో కూర్చొని మనం మాట్లాడవలసియున్నది.

మార్కు అనే అంకె ఎంత నిలకడ లేనిదో పరిశోధకులు వంద సంవత్సరాల క్రితమే తూచి చూచినారు. 1913లో అమెరికాలో స్టార్చ్, ఇలియట్ అనే ఇద్దరు పరిశోధకులు ఒకే రేఖాగణిత సమాధాన పత్రాన్ని వందకు పైగా ఉపాధ్యాయులకు పంపినారు. ఒకరు 28 వేస్తే మరొకరు 90కి పైగా వేశారు. సాహిత్యం కాదు, రేఖాగణితం! 1935లో ఇంగ్లండులో ఫిలిప్ హార్టాగ్, రోడ్స్ అనేవారు చరిత్ర సమాధాన పత్రాలు పదిహేనింటిని పద్నాలుగుగురు పరీక్షకుల చేత దిద్దించి, ఏడాది పైన గడిచిన తరువాత అవే పత్రాలను వారి చేతనే మరల దిద్దించినారు. మొత్తం 210 తీర్పులలో 92 మారినవి. ఉత్తీర్ణుడన్న చేతితోనే అనుత్తీర్ణుడని వ్రాశారు. ఈ హార్టాగ్ మనకు కొత్తవాడు కాడు. ఢాకా విశ్వవిద్యాలయానికి మొదటి వైస్‌ఛాన్సలరు, 1929లో భారతదేశ విద్యపై నివేదిక ఇచ్చిన సంఘానికి అధ్యక్షుడు.

అంకెలు ఇంత చపలమైనవి గనుక వాటి బదులు శ్రేణులు, అనగా గ్రేడులు ఇవ్వవలెనని మొదలియారు సంఘం ఆనాడే చెప్పింది. సి.బి.ఎస్.ఇ. 2009లో నిరంతర సమగ్ర మూల్యాంకనం పేరుతో ఆ పని చేసింది. 91 నుండి 100 వరకు ఏ-1, దానికి 10 పాయింట్లు. 81 నుండి 90 వరకు ఏ-2, 9 పాయింట్లు. ఇట్లు దిగుతూ పోతుంది. పాయింట్ల సగటును 9.5తో హెచ్చిస్తే శాతమని సూత్రం. ఆలోచన మంచిది, లెక్క మాత్రం మన పిల్లల మెడకు చుట్టుకొన్నది. అన్ని సబ్జెక్టులలో 91 వచ్చినవానికి పది పాయింట్లు, అనగా 95 శాతం. అన్నింటా 100 వచ్చినవానికీ 95 శాతమే. అన్నింటా 90 వచ్చినవానికి తొమ్మిది పాయింట్లు, అనగా 85.5 శాతం. ఒక్కొక్క సబ్జెక్టులో ఒక్క మార్కు తేడా తొమ్మిదిన్నర శాతమై కూర్చున్నది. గ్రేడు కాగితం మీద శాంతంగానే ఉన్నది. ఉద్యోగపు జాబితా వద్దకు వచ్చి దానిని మరల శాతంగా మార్చగానే అగాధం ఏర్పడింది. 2018 నుండి పదవ తరగతికి బోర్డు పరీక్ష అందరికీ తిరిగి వచ్చింది, మార్కులు కూడా తిరిగి వచ్చినవి.

ఇప్పుడు మార్కుతో పాటు ఇచ్చే గ్రేడు వేరు రకం. ఉత్తీర్ణులైన వారందరినీ మార్కుల వరుసలో నిలబెట్టి, మొదటి ఎనిమిదవ వంతుకు ఏ-1, తరువాతి ఎనిమిదవ వంతుకు ఏ-2, ఇట్లు పంచుతారు. ఈ పద్ధతిలో మీ బిడ్డ గ్రేడు మీ బిడ్డకు ఎంత వచ్చునన్న దానిమీద ఆధారపడదు, తక్కినవారికి ఎంత వచ్చునన్న దానిమీద ఆధారపడుతుంది. ఈ ఊరి రైలు మిల్లు దగ్గర నిలబడి ఆలోచించండి. భారత రైల్వేలకు పట్టాలు సరఫరా చేసేటప్పుడు ప్రమాణం ముందుగా ప్రకటితమై ఉంటుంది. ద్రవరూపంలోని ఉక్కులో హైడ్రోజన్ పది లక్షల పాళ్ళలో 1.6 పాళ్ళు మించరాదు. కొలతలు ఇంతకింత ఉండవలెను. అల్ట్రాసోనిక్ పరీక్షలో లోపల పగులు కనబడరాదు. ప్రమాణం దాటిన పట్టాలన్నీ ఉత్తీర్ణమే. వంద పట్టాలలో మంచివి పన్నెండున్నరకే మొదటి ముద్ర వేస్తామని ఏ ఇన్‌స్పెక్టరూ అనడు. పట్టాకు దక్కే న్యాయం పిల్లవానికి దక్కవద్దా? ప్రవేశాల కోసం వరుస కట్టవలసిన అవసరం కొన్ని చోట్ల ఉండవచ్చును, కాదనను. కాని తొమ్మిదవ తరగతి సామాన్య శాస్త్రంలో ఉపాధ్యాయుడు చెప్పవలసినది ‘నీకు విద్యుత్ వలయం గీయుట వచ్చినది, నిరోధం లెక్క కట్టుట ఇంకా రాలేదు’ అని. ‘నీవు తరగతిలో ఇరవై మూడవవాడవు’ అన్న మాట నుండి పిల్లవాడు నేర్చుకోగలిగినది ఏమీ లేదు.

అపేక్ష అన్న మాటకు మరొక ముఖం ఉన్నది. ఇంతవరకు ఉపాధ్యాయుడు పిల్లవాని నుండి ఏ పని ఆశిస్తాడో చెప్పాను. పిల్లవాడు ఎంతటివాడు కాగలడని ఆశిస్తాడన్నది ఇంకా బలమైన విషయం. 1968లో రోసెంతాల్, జాకబ్‌సన్ అనేవారు కాలిఫోర్నియాలోని ఒక ప్రాథమిక పాఠశాలలో జరిపిన ప్రయోగాన్ని పుస్తకంగా ప్రకటించారు. అయిదవ వంతు పిల్లలను ఊరకే చీట్లు తీసినట్లు ఎంపిక చేసి, ‘వీరు ఈ ఏడాది వికసిస్తారు’ అని ఉపాధ్యాయులకు చెప్పినారు. ఏడాది చివర చిన్న తరగతులలో ఆ పిల్లలే ఎక్కువ ముందంజ వేసినట్లు తేలినది. ఆ ప్రయోగం మీద విమర్శలు చాలా వచ్చినవి, తరువాతి పరిశోధనలలో ఆ ప్రభావం అంత పెద్దది కాదని తేలినది. అది కూడా చెప్పవలెను. మన దేశంలో జరిగిన పని నన్ను ఎక్కువగా కలచివేసింది. ఉత్తర ప్రదేశ్ గ్రామాలలో హాఫ్, పాండే అనే ఇద్దరు ఆర్థిక శాస్త్రవేత్తలు మగపిల్లల చేత చిక్కుదారుల పటాలు పరిష్కరింపజేశారు. కులం ప్రస్తావన లేనప్పుడు అగ్రకులాల, దళిత కులాల పిల్లల మధ్య తేడా కనబడలేదు. అందరి ముందు కులం పేరు చదివిన తరువాత దళిత బాలుర ఫలితం పడిపోయినది. పిల్లలు మారలేదు, పటాలు మారలేదు. గదిలో వారి మీద ఉన్న అపేక్ష మారింది.

2012లో ప్రచురితమైన మరొక పరిశోధనలో హన్నా, లిండెన్ అనేవారు సమాధాన పత్రాల మీద పిల్లల కులం, వయస్సు, లింగం యాదృచ్ఛికంగా వ్రాసి భారతీయ ఉపాధ్యాయుల చేత దిద్దించినారు. తక్కువ కులమని వ్రాసిన పత్రాలకు కొద్దిగా తక్కువ మార్కులు పడినవి. తేడా చిన్నది, కాని ఉన్నది. ఆ తేడా ఎక్కువగా తామూ తక్కువ కులాలకు చెందిన పరీక్షకుల వద్దనే కనబడినదన్నది మన మనస్సులను తడిమి చూచుకొనవలసిన సంగతి. దీనికి ఔషధం కష్టమైనది కాదు. పేరు కనబడకుండా మడిచి దిద్దుట, ఏ జవాబుకు ఎన్ని మార్కులో ముందుగా వ్రాసి పెట్టుకొనుట. ఈ రెండు పనులకు ప్రభుత్వోత్తరువు అక్కరలేదు.

మన తెలుగు పిల్లల విషయంలో భాష మరొక అడ్డుగోడ. ఇంటిలో తెలుగు, వీధిలో హిందీ, పుస్తకంలో ఇంగ్లీషు. ఇనుప ఖనిజం నుండి ఇనుము తీసే చర్యను తెలుగులో క్షయకరణం అంటాము, హిందీ పుస్తకంలో అపచయన్ అంటారు, ఇంగ్లీషు పుస్తకంలో రిడక్షన్. బ్లాస్ట్ ఫర్నేసు పొగ పీలుస్తూ పెరిగిన పిల్లవానికి ఆ క్రియ తెలియదనుట కష్టం. మాట తెలియక మౌనం వహిస్తాడు. మాట రానివాడిని విషయం రానివాడుగా లెక్కగట్టుట మూల్యాంకనం కాదు.

పదవ తరగతి పాఠ్యపుస్తకంలో లోహాలు, అలోహాల పాఠం ఒకటున్నది. అల్యూమినియం పొడి ఐరన్ ఆక్సైడుతో చర్య జరిపితే ఇనుము కరగిపోయేంత వేడి పుడుతుందనీ, రైలు పట్టాలను అతికించుటకు ఈ థర్మిట్ చర్యను ఉపయోగిస్తారనీ ఆ పాఠంలో రెండు మూడు వాక్యాలున్నవి. ఆ పని చేసే మనుషులు ఈ సభలో కూర్చుని ఉన్నారు! పట్టాల కొనల మధ్య 25 మిల్లీమీటర్ల ఖాళీ ఎందుకు వదలవలెనో, కొనలను ముందుగా ఎందుకు వేడి చేయవలెనో, అచ్చులో తేమ ఉంటే అతుకు ఎట్లు చెడిపోతుందో ట్రాక్ మీద పనిచేసే సోదరునికి తెలిసినంత ఏ గైడు పుస్తకంలోనూ ఉండదు. ఉపాధ్యాయుడు ఆ పాఠం రోజున ‘మీ నాన్నగారిని అడిగి, అతుకు ఎట్లు వేస్తారో వ్రాసుకొని రండి’ అని పని ఇస్తే, అది అంగడి చార్టు కంటే వందరెట్లు విలువైన ప్రాజెక్టు. అంతకంటె ముఖ్యం, గ్యాంగ్‌మన్ కొడుకు ఆ రోజు తరగతిలో తలయెత్తి మాట్లాడగలుగుతాడు. వాని మీద ఉపాధ్యాయుని అపేక్ష కూడా ఆ రోజుతో మారుతుంది.

ఇది కలలో మాట అనుకొనవద్దు. 1972లో, ఛత్తీస్‌గఢ్ ఇంకా మధ్యప్రదేశ్‌లో భాగంగా ఉన్న రోజులలో, హోషంగాబాద్ జిల్లాలో కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ కలిసి పదహారు మాధ్యమిక పాఠశాలలలో సామాన్య శాస్త్ర బోధనను కొత్త పద్ధతిలో ప్రారంభించినవి. 1978లో అది జిల్లా అంతటికీ వ్యాపించింది. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ దానిని నడిపింది. ఆరు నుండి ఎనిమిది తరగతుల పిల్లలు చౌకగా దొరికే వస్తువులతో తామే ప్రయోగాలు చేసి, తామే ముగింపులు వ్రాసేవారు. పరీక్షకు పుస్తకం తెచ్చుకొనవచ్చును, తమ నోటు పుస్తకం కూడా తెచ్చుకొనవచ్చును. పుస్తకం తెరచి ఉన్నప్పుడు బట్టీకి చోటు లేదు గనుక ప్రశ్న మారవలసి వచ్చింది. వ్రాత పరీక్షతో పాటు చేతితో చేసి చూపే పరీక్ష ఉండేది. సర్కారీ పాఠశాలలలో, సర్కారీ ఉపాధ్యాయులతో, పల్లెటూరి పిల్లలతో ముప్పై సంవత్సరాలు నడిచిన పని ఇది. 2002లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం దానిని మూసివేసింది. మూసివేత అన్యాయమని నా అభిప్రాయం. కాని ముప్పై ఏళ్ళు నడిచిన దానిని అసాధ్యమని మాత్రం ఎవరూ అనజాలరు.

నేడు సి.బి.ఎస్.ఇ. కూడా బట్టీ ప్రశ్నలు తగ్గించి, పదవ తరగతి ప్రశ్నపత్రంలో సగం మేరకు సామర్థ్య ఆధారిత ప్రశ్నలు ఉంచుతున్నది. అనగా 99 డిగ్రీలు ఎందుకు వచ్చినవని అడిగే రకం. సంతోషమే. మరి తరగతి గదిలో 100 అని బట్టీ పట్టించి, బోర్డు పరీక్షలో 99 ఎందుకని అడిగితే నష్టపోయేది ఎవరు? ట్యూషనుకు సొమ్ము లేనివాడు.

చివరగా హక్కుల విషయం. మన రహస్య నివేదికల పోరాటం మీకు గుర్తుండే ఉంటుంది. ప్రతికూల వ్యాఖ్య ఉంటేనే ఉద్యోగికి తెలిపేవారు, తక్కినది చీకటి. దేవ్‌దత్ అనే ఇంజనీరుకు 1993-94 నివేదికలో ‘గుడ్’ అని వ్రాశారు. పదోన్నతికి అయిదేళ్ళ పాటు ‘వెరీ గుడ్’ ఉండవలెను. మంచివాడన్న మాటే అతని మెడకు ఉరి అయినది, ఆ సంగతి అతనికి తెలుపనే లేదు. 2008 మే 12న సుప్రీంకోర్టు, మంచిదైనా చెడ్డదైనా ప్రతి వ్యాఖ్యనూ ఉద్యోగికి తెలుపవలసినదేనని తీర్పు చెప్పింది. మరుసటి ఏడు కేంద్ర ప్రభుత్వం పూర్తి నివేదికను ఉద్యోగికి చూపవలెనని ఉత్తర్వులిచ్చింది. పిల్లల విషయంలో కూడా అటువంటి తీర్పు ఉన్నది. 2011 ఆగస్టు 9న సి.బి.ఎస్.ఇ., ఆదిత్య బందోపాధ్యాయ కేసులో సుప్రీంకోర్టు, దిద్దిన తన సమాధాన పత్రాన్ని చూచుకొనే హక్కు సమాచార హక్కు చట్టం క్రింద విద్యార్థికి ఉన్నదని చెప్పింది. చూచుకొనే హక్కు వేరు, మరల దిద్దించుకొనే హక్కు వేరు. రెండవది ఆ తీర్పులో లేదు. అయినను, చూడగలుగుట చిన్న విషయం కాదు.

ఆ తీర్పు బోర్డు పత్రాల గురించినది. పాఠశాల లోపలి 20 మార్కులకు దారి, మర్యాదగా వెళ్ళి అడుగుటయే. కావున ఈ సభ చివర వెనుక బల్ల వద్ద ఒక చిన్న వినతిపత్రం నమూనా ఉంచుతున్నాము. అందులో నాలుగు ప్రశ్నలున్నవి. ఈ ఏడాది శాస్త్రంలో ఏయే పనులకు ఎన్నెన్ని మార్కులు? ఆలస్యమైతే ఏమి చేస్తారు? ప్రయోగంలో పుస్తకపు జవాబుకా, చూచిన ఫలితానికా మార్కు? లోపలి మార్కులు బోర్డుకు పంపుటకు ముందు బిడ్డకు చూపుతారా? ప్రతి తరగతి నుండి అయిదారుగురు తల్లిదండ్రులు కలిసి వెళ్ళండి, ఒక్కరే వెళ్ళవద్దు. ఉపాధ్యాయునితో గొంతు పెంచవద్దు. ముందు ఆయన పనిభారం అడగండి, తరువాత మన ప్రశ్నలు అడగండి. తల్లులు తప్పక వెళ్ళవలెను, పుస్తకాలు రోజూ చూచేది వారే. వచ్చిన సమాధానాలను తారీఖు వేసి మీ బ్రాంచి కార్యదర్శికి అందజేయండి. హిందీలో వ్రాయుట కష్టమైనవారికి ఇక్కడి యువ మిత్రులు సహాయం చేస్తారు. నమూనా కాగితాలు రెండువందలే ఉన్నవి, కుటుంబానికి ఒకటి చొప్పున తీసుకొనండి.